ఫ్లోరిడా తీరంలో మునిగిన స్పానిష్ ఓడ ఏదో ఎలా తేల్చాలి

ఇసుకలో ఒక ఫిరంగి బయటపడినంత మాత్రాన అది ఏ ఓడదో తెలిసిపోదు. 1622, 1715, 1733లలో హవానా నుంచి స్పెయిన్‌కు బయలుదేరిన మూడు నౌకల బారులు తుఫానుల్లో చిక్కి ఫ్లోరిడా తీరాన పగిలిపోయాయి. 1715లోనే పదకొండు ఓడలు పోయాయి. వీటిలో ఒకదాని పేరు తేల్చాలంటే పాత కాగితమూ సముద్రపు అడుగూ ఒకే మాట చెప్పాలి. పని మాత్రం కాగితంతోనే మొదలుపెట్టాలి.

అంతకన్నా ముందు ఓడలు అక్కడే ఎందుకు పడ్డాయో అర్థం చేసుకోండి. హవానా దాటిన ఓడలు గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహాన్ని పట్టుకుని ఫ్లోరిడాకూ బహామా దీవులకూ మధ్య నుంచి ఉత్తరానికి వెళ్లేవి. అటూ ఇటూ లోతు తక్కువ మెరకలే. బంగాళాఖాతంలో లాగే అక్కడా తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందుకే ఆగ్నేయం నుంచి తుఫాను వస్తుంటే ముందుగా ఈశాన్యపు గాలి కొడుతుంది. తెరచాప ఓడ దానికి ఎదురు నిలవలేక పడమటికి, అంటే ఒడ్డు మీదికి కొట్టుకొస్తుంది. 1715 జూలై 24న హవానా వదిలిన ఓడలు 30 రాత్రి తుఫానులో పడి, 31 తెల్లవారేలోగా ఇప్పటి సెబాస్టియన్, ఫోర్ట్ పియర్స్ పరిసరాల్లో ముక్కలయ్యాయి. సుమారు వెయ్యి మంది చనిపోయారు. వెంట ఉన్న ఫ్రెంచ్ ఓడ గ్రిఫాన్ ఒక్కటే బయటపడింది.

కాగితాల కోసం సెవిల్ నగరంలో 1785లో నెలకొల్పిన ఆర్కివో జనరల్ దె ఇండియాస్ అనే పాత పత్రాల భాండాగారాన్ని ఆశ్రయించాలి. అందులోని చాలా పత్రాలు స్పెయిన్ ప్రభుత్వ పారెస్ వెబ్‌సైట్‌లో చిత్రాలుగా దొరుకుతాయి. సరుకు పట్టీల కోసం కొంట్రతాసియోన్ విభాగం, క్యూబా, ఫ్లోరిడాల నుంచి వెళ్లిన ఉత్తరాల కోసం సాంతో దొమింగో విభాగం చూడండి. అందరూ ముందు సరుకు పట్టీ మీద పడతారు కానీ, మునిగాక సరుకు వెలికితీసిన వాళ్లు రాసిన లెక్కలే ఎక్కువ ఉపయోగం. ఎంత లోతులో దిగారు, ఏది తీశారు, ఏది వదిలేశారు అన్నవి వాటిలోనే ఉంటాయి. పైగా పట్టీలోకి ఎక్కని దొంగ సరుకు ప్రతి బారులోనూ ఉండేది. పట్టీలో ఉన్నదానికన్నా ఎక్కువ వెండి దొరికిందని ఆ ఓడ కాదని తోసేయకండి. పదాల మధ్య ఖాళీ లేకుండా సాగే పాత గొలుసుకట్టు రాత కష్టం. 18వ శతాబ్దపు పత్రాలతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి.

చదివింది చదివినట్టు పటం మీద పెడితే దెబ్బతింటారు. తేదీనే తీసుకోండి. స్పెయిన్ 1582 అక్టోబరులో కొత్త పంచాంగానికి మారింది, ఇంగ్లండ్ 1752 దాకా మారలేదు. 1715లో స్పానిష్ పత్రంలోని జూలై 31, జమైకా నుంచి వెళ్లిన ఇంగ్లీషు ఉత్తరంలో జూలై 20 అవుతుంది. 1622కైతే తేడా పది రోజులు. కొలతలదీ అదే తంటా. లోతు కొలిచే స్పానిష్ బ్రాసా సుమారు 1.67 మీటర్లు, ఇంగ్లీషు ఫాదమ్ 1.83. దూరానికి వాడే లెగువాలోనూ రెండు రకాలు: అక్షాంశపు డిగ్రీకి 17.5 చొప్పున లెక్కించే నావికుల లెగువా సుమారు 6.3 కిలోమీటర్లు, నేల మీది మామూలు లెగువా 5.6. కాబట్టి రాసినవాడు నావికుడా, ఒడ్డున కూర్చున్న గుమాస్తానా అన్నది ముందు చూడాలి.

అన్నిటికన్నా మోసం చేసేవి ఊర్ల పేర్లు. 1622లో మునిగిన అతోచా అనే ఓడ కోసం నిధుల వేటగాడు మెల్ ఫిషర్ బృందం మొదట మాటెకుంబే దీవుల చుట్టూ వెతికింది, ఎందుకంటే పాత కాగితాల్లో ఆ పేరుంది. కానీ అప్పట్లో ఆ పేరు ఫ్లోరిడా దక్షిణ కొసనున్న దీవుల వరసకంతటికీ వాడేవారు. సెవిల్‌లో చరిత్రకారుడు యూజీన్ లయన్‌కు ‘కాయోస్ దెల్ మర్కేస్’ అన్న మాట దొరికాకే వెతుకులాట కీ వెస్ట్‌కు పడమటనున్న మార్కేసాస్ దీవులకు మళ్లింది. రెంటికీ మధ్య దాదాపు నూరు మైళ్లు! 1973లో దొరికిన వెండి కడ్డీల మీది అంకెలు సరుకు పట్టీతో సరిపోయాయి. అసలు కుప్ప మాత్రం 1985 జూలై 20న గానీ దొరకలేదు. ఓడ మునిగిన నెల తర్వాత వచ్చిన మరో తుఫాను దాన్ని చెల్లాచెదురు చేయడమే అందుకు కారణం. అందుకే ఒక్కచోట కాదు, పొడవాటి జాడ కోసం వెతకాలి.

నీటి మీద వెతకడానికి వాడే మాగ్నెటోమీటర్ ఇనుమునే పసిగడుతుంది. వెండీ బంగారమూ దానికి తెలియవు. దూరం రెట్టింపైతే సంకేతం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పడవ నడిపే వరసల మధ్య ఎడం ఎక్కువ పెడితే ఫిరంగి పక్క నుంచే వెళ్లినా తెలియదు. సంకేతం తగిలాక దిగి ఏటిరాళ్ల కుప్ప కోసం చూడండి. ఓడ తూలకుండా అడుగున నింపే నున్నటి రాళ్లవి. చెక్కను ఓడపురుగు తినేసినా రాళ్లు ఉంటాయి.

నాణెం ‘దీనికన్నా ముందు కాదు’ అని మాత్రమే చెబుతుంది. మెక్సికో టంకసాల 1732లో యంత్రంతో గుండ్రటి నాణేలు కొట్టడం మొదలుపెట్టింది. అవి కుప్పలో దొరికితే అది 1715 ఓడ కాదు. అవి లేనంత మాత్రాన 1715దే అనీ కాదు, చేత్తో కొట్టిన వంకర నాణేలు ఆ తర్వాతా చెల్లాయి. ఒడ్డున దొరికే ఒంటరి నాణేన్ని లెక్కలోకే తీసుకోకండి. అల ఎక్కడి నుంచైనా తెస్తుంది.

నల్లబడిన వెండి ముద్దను సుత్తితో కొట్టకండి, టంకసాల గుర్తే పోతుంది. ఇనుమును ఆరనివ్వకండి. లోపల చేరిన ఉప్పు గట్టిపడి పొరలు పొరలుగా పగిలిపోతుంది. ఒక ఫిరంగిని విద్యుత్తుతో శుద్ధి చేయడానికి నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది. ఆ ఏర్పాటు లేనివారు వస్తువును నీటిలోంచి తీయనే కూడదు.

అనుమతి లేకుండా తీయడం నేరం కూడా. 1987 నాటి అమెరికా చట్టం, సొంతదారులు వదిలేయగా రాష్ట్రాల సముద్రపు అడుగులో పూడిపోయిన ఓడలను రాష్ట్రాలకు ఇచ్చింది. స్పెయిన్ నౌకాదళపు ఓడలైతే స్పెయిన్‌వే. స్పెయిన్ యుద్ధనౌక మెర్సెదెస్ నుంచి తీసిన నాణేలు 2012లో ఆ దేశానికి తిరిగి వెళ్లాయి. 1554లో మూడు ఓడలు పడిన టెక్సస్ పాద్రే ఐలండ్ జాతీయ తీరంలో మెటల్ డిటెక్టర్ వాడటమే నిషేధం.

కళ్లతో చూడాలనుకుంటే 1733లో మునిగిన సాన్ పెద్రో ఉంది. ఇండియన్ కీ దగ్గర సుమారు 18 అడుగుల లోతులో ఉంటుంది, స్నార్కెల్ (ఊపిరి గొట్టం) చాలు. ఫిరంగులు నమూనాలు. కింద పరచుకున్న ఏటిరాళ్లే అసలైనవి.