గండికోట నడకకు బయలుదేరే ముందు

జమ్మలమడుగు నుంచి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. కోటలో నడక తేలికే, ఎండే కష్టం. మార్చి దాటాక వెళ్లేవారు తెల్లవారేసరికి కోట వాకిట ఉండాలి, పది గంటలకల్లా నీడ పట్టుకు చేరాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, తలగుడ్డ తప్పనిసరి. ఉప్పు వేసిన మజ్జిగ సీసా ఉంటే ఇంకా మేలు.

చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. జామియా మసీదు, మాధవరాయ ఆలయం, ధాన్యాగారం చూసినంతసేపూ భయమేమీ లేదు. జాగ్రత్తంతా పెన్నా లోయ అంచున. అక్కడ ఎర్రటి బండలు పలకలు పేర్చినట్టుంటాయి. చూడటానికి కదలనివే, కాలు మోపితే కొన్ని ఊగుతాయి. వాన పడిందా, జారుతాయి. ఫోటో కోసం వెనక్కి అడుగు వేయకండి, పిల్లల చెయ్యి వదలకండి. గాలి బలంగా ఉంటే నాలుగు బారల ఇవతలే కూర్చోండి, లోయ ఎక్కడికీ పోదు.

నదిలోకి దిగాలనుకుంటే ముందు ఊరివాళ్లను అడగండి. ఎగువన జలాశయం ఉంది, నీళ్లు వదిలితే మట్టం పెరుగుతుంది.

రాళ్ల సందుల్లో చేతులు పెట్టకండి, తేళ్లుంటాయి. సూర్యాస్తమయం చూసి తిరిగి రావాలంటే టార్చిలైటు మరవకండి.