వంతు నీళ్ళ లెక్క: 3వ పాఠం – డైరీని వెనక్కి చదవడం

క్రానిక్ ఫెటీగ్, అంటే ఎంత పడుకున్నా తీరని అలసట జబ్బు ఉన్నవాళ్ళ కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో రెండు వారాలు డైరీ రాయమన్నాను. ఒక పక్క ఏం పని, ఎన్ని నిమిషాలు. ఇంకో పక్క ఒంట్లో ఎలా ఉందో, పదికి ఎన్ని మార్కులో. మధ్యలో ఖాళీ పేజీలుంటే చింపేయకండి. రాయడానికి కూడా ఓపిక లేని రోజులవి, వాటికీ లెక్కుంది.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని బాగాలేని రోజులకు సున్నా చుట్టండి. చుట్టాక ఆ రోజు చేసిన పనుల్ని వదిలేసి, దాని ముందు రోజు, అంతకు ముందు రోజు చూడండి.

క్రానిక్ ఫెటీగ్ మోసమంతా ఇక్కడే. మామూలు అలసట పని చేస్తుండగానే తెలుస్తుంది, పడుకుంటే పోతుంది. ఇందులో చాలామందికి దెబ్బ 12 నుంచి 48 గంటలు ఆలస్యంగా తగులుతుంది. తగిలాక రోజులు, ఒక్కోసారి వారాలు. నిద్రపోయినా తీరదు.

నా సంగతే చెప్తాను. భోగికి రెండు రోజుల ముందు పొయ్యి పక్కన కూర్చుని రెండు గంటలు అరిసెలు నొక్కాను. హుషారుగానే ఉన్నాను. "చూశావా, పనిలో పడితే అన్నీ అవే పోతాయ్" అన్నారు అత్తయ్య. నేనూ నమ్మాను. భోగి మంట చూడటానికి గుమ్మం దాకా రాలేకపోయాను, కనుమ వెళ్ళేదాకా మంచమే. చలిగాలి కొట్టిందన్నారు అందరూ. డైరీ లేకపోతే అరిసెల మీద అనుమానమే వచ్చేది కాదు.

మన డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇది కొత్త లెక్కేం కాదు. గోదావరిలో నీళ్ళు తక్కువైన ఏడు దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు వంతులు పెడతారు. కాలువ నిండుగా కనిపిస్తోంది కదా అని ఎగువన తూములు ఎత్తేసుకుంటే శివారు చేను ఎండుతుంది. ఎండిందన్న సంగతి ఎగువన ఆ రోజే తెలీదు.

సరే, పనిలోకి వద్దాం. డైరీలోంచి మూడు పనులు ఎంచుకోండి. ఒకటి నడిచేది, ఒకటి నిలబడి చేసేది, ఒకటి బుర్రతో చేసేది. మూడోది మర్చిపోతాం. చుట్టాలతో అరగంట ఫోను, బ్యాంకు కాగితాలు, పిల్లాడి లెక్కల హోంవర్కు, ఒక గొడవ, అన్నీ ఖర్చే. ప్రతి పనికీ, చేశాక రెండు రోజుల దాకా సున్నా పడని నిమిషాలు ఎన్నో చూడండి. 20 అయితే మీ వంతు 15. అలారం పెట్టుకుని, ఇంకా చేయగలనన్నప్పుడే ఆగండి. తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. అనిపించాలి.

నిలబడటం విడిగా ఎందుకన్నానంటే, ఈ జబ్బులో చాలామందికి నిలబడితేనే కళ్ళు తిరుగుతాయి, గుండె దడదడలాడుతుంది. మా అమ్మమ్మ కత్తిపీట మీద కూర్చునే కూరలన్నీ తరిగేది. గట్టు వంటగదులు కట్టుకుని నిలబడటం నేర్చింది మనమే. ఒక ఎత్తు స్టూలు కొనుక్కోండి. ఇంట్లో ఎవరైనా ఏమన్నా అంటే నా పేరు చెప్పండి.

"రోజూ ఐదు నిమిషాలు పెంచుకుంటూ నడు" అని తప్పకుండా ఎవరో ఒకరు అంటారు, మీ మంచికే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ, ఇలా లెక్కకట్టి పెంచుకుంటూ పోయే వ్యాయామాన్ని ఈ జబ్బుకు ఇవ్వొద్దని 2021లో చెప్పింది. ఇంట్లోవాళ్ళకు ఆ మాట చెప్పండి. జబ్బును తీసేసే మందు ఇంకా లేదు. కొందరు మెల్లగా తేరుకుంటారు. వంతు దాటకుండా ఉంటే ఆ పడిపోవడాలు తగ్గుతాయి, నాకు తగ్గాయి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు చేయించుకోకుండా ఈ పాఠం దాకా వచ్చినవాళ్ళు మాత్రం ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఈ వారం ఆ మూడు పనులే. నాలుగోది కలపొద్దు. ఒకరోజు బాగుందని మిగతావన్నీ దులిపేయొద్దు, పండగొచ్చినా సరే.

వచ్చే పాఠం స్నానం గురించి. నవ్వకండి, మా ఇంట్లో అరిసెల కంటే పెద్ద గొడవ దాని మీదే అయింది.