దేవుడు ఎక్కడుంటాడని పిల్లలు అడిగితే ఇలా చెప్పండి

ముందే పోలికలు మొదలుపెట్టకండి, వంటింట్లోకి తీసుకెళ్లండి. గ్లాసు నీళ్లలో దొడ్డుప్పు వేసి, పూర్తిగా కరిగాక, పైనుంచి ఒక చెంచా, అడుగునుంచి ఒక చెంచా రుచి చూపించండి. ఉప్పు కనపడదు, కానీ లేని చోటు లేదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చూపించింది ఇదే. మా పాపకు నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఈ గ్లాసుతో ఎక్కింది.

తర్వాత రామప్పకు పోండి. 1213 నాటి గుడి నిలబడే ఉంది, దాన్ని చెక్కిన శిల్పులు లేరు. దేవుణ్ణి శిల్పి అంటే వచ్చే చిక్కు అదే: చేసి వెళ్లిపోయినవాడికి మొక్కడం ఎందుకు? అప్పుడు ముండకోపనిషత్తులోని సాలెపురుగు మాట ఎత్తండి, అది దారం తనలోంచే తీస్తుంది, తనలోకే లాక్కుంటుంది; లోకం దేవుడిలోంచి వచ్చేదీ అలాగే.

లోకం శరీరం, దేవుడు ఆత్మ అన్నారు రామానుజులు. నాకు అన్నిటికంటే ఇదే దగ్గరగా అనిపిస్తుంది, వేలికి ముల్లు గుచ్చుకుంటే తెలిసేది మనకే కదా! అయితే శరీరంలోని దోషాలు ఆయనకు అంటవని కూడా రామానుజులే చెప్పారు, కాబట్టి ముల్లు పోలికను అక్కడే ఆపండి. ఏ పోలికైనా ఎక్కడ తెగుతుందో పిల్లలకు చెప్పాలి. చీకట్లో తాడును చూసి పామనుకున్నట్టే లోకాన్నీ పొరబడి చూస్తున్నామనే శంకరుల తాడు-పాము పోలిక పెద్దయ్యాకే చెప్పండి, చిన్నపిల్లలు లోకమే అబద్ధమనుకుని టెన్షన్ పడతారు.

బతుకమ్మ రోజు తంగేడు, గునుగు పిల్లలతోనే పేర్పించండి. చెరువులో వదిలాక, పూలు కొట్టుకుపోయాయి, మరి అమ్మ ఎటు పోయిందని అడగండి. జవాబు మీరు చెప్పకండి.