పియానోపై మృదువైన, సమానమైన స్టకాటో: సాధన విధానం

స్టకాటో (స్వరాలను పొట్టిగా, విడివిడిగా వాయించడం) అనగానే కీని టక్కున కొట్టి చేతిని పైకి లాగేయడమే చాలామంది విద్యార్థులకు తోస్తుంది. బిగ్గరగా వాయించవలసిన చోట అది కొంతవరకు చెల్లుతుంది గాని, స్వరలిపిలో స్టకాటోను సూచించే చుక్కలతో పాటు పియానిస్సిమో (చాలా మెత్తగా వాయించాలనే) గుర్తు కూడా ఉన్నప్పుడు ఆ అలవాటు బయటపడిపోతుంది: కొన్ని స్వరాలు పొడుచుకొచ్చినట్టు మోగుతాయి, కొన్ని అసలు పలకవు.

కారణం వాద్యం లోపలే ఉంది. కీ సుమారు 10 మిల్లీమీటర్లు దిగుతుంది. అది అడుగుకు చేరబోయే ముందే సుత్తి కీ పట్టు నుండి విడివడి, తనకున్న వేగంతోనే వెళ్లి తీగను తాకుతుంది. కాబట్టి ధ్వని ఎంత బిగ్గరగా ఉండాలో నిర్ణయించేది కీ దిగే వేగం. స్వరం ఎంతసేపు నిలవాలో నిర్ణయించేది కీ లేచినప్పుడు డాంపర్ (తీగ మోతను ఆపే మెత్త) తిరిగి తీగపై వాలే క్షణం. మృదుత్వం వేలు దిగడంలోనూ, పొట్టితనం వేలు లేవడంలోనూ ఉన్నాయి. ఈ రెంటినీ ఒకే కదలికగా కలిపేసి, స్వరం పొట్టిగా రావాలన్న ఆత్రంలో దిగడానికే తొందరపడటం వల్ల స్టకాటో కరుకుగా తయారవుతుంది. వేడి పెనాన్ని తాకినట్టు వాయించమని చెప్పే వాడుక ఒకటి ఉంది. మృదువైన స్టకాటోకు అది మంచి సలహా అని నేను అనుకోను, ఎందుకంటే అలా ఊహించుకోగానే భుజం నుండి మణికట్టు దాకా చెయ్యంతా బిగుసుకుంటుంది.

ముందుగా ఒకే కీని తీసుకొని, శబ్దమే రానంత నెమ్మదిగా అడుగు దాకా నొక్కండి. తరువాత వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, స్వరం తొలిసారి పలికే హద్దును పట్టుకోండి. మీ వాద్యంలో సాధ్యమయ్యే అతి మెత్తని ధ్వని అదే. మిగిలిన సాధన అంతా ఆ హద్దుకు కాస్త పైన జరగాలి.

ఇప్పుడు ఐదు వేళ్లనూ వరుసగా ఐదు తెల్ల కీల మీద ఉంచండి. వేలిని గాలిలోకి ఎత్తి దించకుండా, కీని తాకుతూ ఉన్న చోటు నుండే కదలికను మొదలుపెట్టండి. ఎత్తు నుండి పడే వేలి వేగాన్ని అదుపు చేయడం కష్టం. స్టకాటో చుక్క ఉన్న స్వరాన్ని సాధారణంగా దాని విలువలో సగం సేపు మోగిస్తారు. అందుచేత మెట్రోనోమ్‌ను (సమానమైన దెబ్బలతో లయను చూపే పరికరాన్ని) నిమిషానికి 120 వద్ద పెట్టి, ఒక దెబ్బకు వేలు దించి, తరువాతి దెబ్బకు లేపండి. ఇది స్టకాటోలా వినిపించనంత నిదానంగా ఉంటుంది, కానీ లేవడాన్ని విడిగా గమనించే అవకాశం ఇక్కడే దొరుకుతుంది. నిలకడ కుదిరాక వేగం పెంచుతూ, వేలి కొనను అరచేతి వైపు కొద్దిగా లాక్కునే కదలికను చేర్చండి; వేగంగా సాగే మెత్తని వరుసలకు ఈ వేలి స్టకాటో బాగా నప్పుతుంది. ఒకేసారి కలిపి వాయించే స్వరాల గుంపులకు (కార్డ్‌లకు) మాత్రం వదులుగా ఉన్న మణికట్టు కదలికే మేలు.

సమానత్వం దగ్గర అసలు చిక్కు బొటనవేలితో వస్తుంది. అది పక్కవాటుగా, చేతి బరువుతో సహా దిగుతుంది కనుక దాని స్వరం పెద్దదవుతుంది. ఉంగరపు వేలు మధ్యవేలితో కలిసి కదలబోయి వెనుకబడుతుంది. అన్ని వేళ్లకూ సమానంగా సమయం కేటాయించడం కంటే ఈ రెంటినే ఎదురెదురుగా పెట్టి, బొటనవేలు, ఉంగరపు వేలు మార్చిమార్చి వాయిస్తూ, రెండు స్వరాల బలమూ నిడివీ ఒకేలా ఉన్నాయో లేదో రికార్డు చేసి వినడం ఎక్కువ ఫలితమిస్తుంది. వాయిస్తున్నప్పుడు వినిపించని తేడా రికార్డులో స్పష్టంగా తెలుస్తుంది. ఈ సాధనలో పెడల్ ముట్టవద్దు.

డిజిటల్ పియానో వాడేవారు శబ్దాన్ని మరీ తగ్గించుకోకూడదు. వినబడటం లేదని వేళ్లు తెలియకుండానే గట్టిగా నొక్కుతాయి. ఒకే స్వరాన్ని త్వరత్వరగా మళ్లీమళ్లీ వాయించే చోట గ్రాండ్ పియానోకు ఒక సౌకర్యం ఉంది: 1821లో పియానో తయారీదారు ఎరార్ పేటెంట్ పొందిన యంత్రాంగం నుండి వచ్చిన ఏర్పాటు వల్ల కీ పూర్తిగా పైకి రాకముందే తిరిగి పలుకుతుంది. తీగలు నిలువుగా ఉండే అప్‌రైట్ పియానోలో కీని ఇంకాస్త పైకి రానివ్వాలి.

అభ్యాసాల నుండి రచనలోకి వెళ్లేటప్పుడు నాలుగు బార్‌లు (స్వరలిపిలో నిలువు గీతల మధ్య భాగాలు) చాలు. వాటిని మొదట లెగాటోలో (స్వరాలను విడదీయకుండా కలుపుతూ) అంతే మెత్తగా, ఏ చేతికి ఆ చేయిగా వాయించి, ధ్వని సమంగా కుదిరిన తరువాతే అవే వేళ్లతో స్టకాటోకు మారండి. వేగం పెంచినప్పుడు ముంజేయి బిగిసినా, ఏదైనా స్వరం పలకకపోయినా, వెంటనే ఆపి అంతకు ముందున్న వేగానికి తిరిగి రండి.