డీజే కంట్రోలర్‌లో సౌండ్ లేట్‌గా వస్తోందా? బఫర్ ముట్టుకునే ముందు ఇవి చూడండి

"అన్నా, ప్యాడ్ నొక్కితే సౌండ్ లేట్‌గా వస్తోంది. బఫర్ ఎంత పెట్టాలి?" పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే నాకు ఎక్కువగా వచ్చే ఫోన్లు ఇవే. బఫర్ అంటే సౌండ్ కార్డుకి పంపే ముందు ఒక్కో విడతలో పోగేసే శాంపిల్స్ (సౌండ్ ముక్కలు) సంఖ్య. తగ్గిస్తే లేట్ తగ్గుతుంది, మరీ తగ్గిస్తే చిటపటలు వస్తాయి. అప్పటికే దాన్ని 64కి దించి ఉంటారు. సౌండ్ చిటపటలాడితే భయపడి 2048కి పెంచి ఉంటారు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించడం కూడా అయిపోయి ఉంటుంది. "కంట్రోలర్‌కి హెడ్‌ఫోన్ పెట్టి విన్నావా?" అని అడిగితే మాత్రం అవతలివైపు మాట ఉండదు.

కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌లోని డీజే సాఫ్ట్‌వేర్‌ను నడిపే ప్యాడ్లు, నాబ్‌ల పెట్టె) కనెక్ట్ చేయడం, సెట్టింగ్స్ తెరవడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

ముందు చేయాల్సిన పరీక్ష

వైరున్న హెడ్‌ఫోన్‌ను కంట్రోలర్ జాక్‌కే పెట్టండి. ల్యాప్‌టాప్ జాక్‌కి వద్దు, బ్లూటూత్ అసలే వద్దు. మంచి కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) ఉన్న పాట లోడ్ చేసి, వేవ్‌ఫామ్‌ను (స్క్రీన్ మీద సౌండ్ గీతను) జూమ్ చేసి, సరిగ్గా మొదటి కిక్ మీద క్యూ (పాట మొదలవ్వాల్సిన చోటికి గుర్తు) పెట్టండి. ఇప్పుడు క్యూ బటన్‌ను టకటకా నొక్కుతూ వినండి.

వేలు పడగానే హెడ్‌ఫోన్‌లో కిక్ వినిపిస్తే మీ ల్యాప్‌టాప్, డ్రైవర్, బఫర్, కంట్రోలర్ అన్నీ బాగున్నట్టే. హెడ్‌ఫోన్‌కీ మాస్టర్ అవుట్‌కీ (స్పీకర్ బాక్సులకి సౌండ్ పంపే జాక్) సౌండ్ ఇచ్చేది అదే సౌండ్ కార్డు, అదే బఫర్. కాబట్టి బాక్సులకి సౌండ్ కంట్రోలర్ నుంచే వెళ్తుంటే, లేట్ అవుతున్నది మాస్టర్ అవుట్ దాటాక, బాక్సుల దాకా ఉన్న దారిలో. ల్యాప్‌టాప్‌లో ఏం మార్చినా అది పోదు.

హెడ్‌ఫోన్‌లోనూ లేట్‌గా ఉంటేనే ల్యాప్‌టాప్ వైపు చూడాలి. నిమిషం పట్టే పని ఇది. అయినా దీన్ని వదిలేసి రాత్రంతా సెట్టింగ్స్‌తో కుస్తీ పడతారు.

హెడ్‌ఫోన్‌లోనూ లేట్‌గా ఉంటే

మొదట పాటనే అనుమానించండి. చాలా ఎంపీ3ల మొదట్లో కొంత ఖాళీ ఉంటుంది. ప్లే నొక్కగానే ముందు ఆ ఖాళీ నడుస్తుంది, మనకది డిలేలా అనిపిస్తుంది. మొదటి కిక్ మీద క్యూ పెట్టమన్నది అందుకే.

తర్వాత క్వాంటైజ్. ఇది ఆన్‌లో ఉంటే, పాట నడుస్తుండగా హాట్ క్యూ (ప్యాడ్‌కి ఇచ్చుకున్న క్యూ గుర్తు) నొక్కినప్పుడు సాఫ్ట్‌వేర్ మీ వేలిని కాదు, బీట్ గ్రిడ్‌ను (పాట మీద అది వేసుకున్న బీట్ల గుర్తులను) చూస్తుంది. 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పాటలో బీట్‌కి బీట్‌కి మధ్య 500 మిల్లీసెకన్లు. గ్రిడ్ కూడా తప్పుగా పడి ఉంటే ఆ ప్యాడ్ మీ మాట వినడం మానేసినట్టే ఉంటుంది. క్వాంటైజ్ ఆపి నొక్కి చూడండి. లేట్ పోతే అది లేటెన్సీ (సిస్టమ్ వల్ల వచ్చే ఆలస్యం) కాదు. గ్రిడ్ సరిచేసుకుని మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

ప్లే నొక్కితే పాట మూలుగుతూ నెమ్మదిగా వేగం అందుకుంటుంటే ఎవరో వినైల్ స్టార్ట్ టైమ్ పెంచారని అర్థం. సున్నాకి తెండి, అంతే.

ఈ మూడూ కావంటే అప్పుడు డ్రైవర్. విండోస్‌లో ఆడియో సెట్టింగ్స్ తెరిచి, అవుట్‌పుట్ డివైస్‌గా మీ కంట్రోలర్ పేరే ఉందా, దానిది ఏఎస్‌ఐఓ డ్రైవర్ (ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్) ఉంటే అదే ఎంచుకుని ఉందా చూడండి. సాఫ్ట్‌వేర్ తెరిచాక కంట్రోలర్ గుచ్చితే కొన్నిసార్లు అవుట్‌పుట్ ల్యాప్‌టాప్ సౌండ్ కార్డు మీదే ఉండిపోతుంది. కంపెనీ ఇచ్చిన డ్రైవర్ ఉండగా ఏఎస్‌ఐఓ4ఆల్ అనే ఉచిత డ్రైవర్ ఎక్కించడం దండగ. కంపెనీ డ్రైవర్ లేని వాటికే దాని అవసరం. మ్యాక్‌లో ఈ గొడవ లేదు, కోర్ ఆడియో సరిపోతుంది.

చివరికి బఫర్. సెకనుకు 44,100 శాంపిల్స్ రేటు దగ్గర 256 శాంపిల్స్ అంటే దాదాపు 6 మిల్లీసెకన్లు, 512 అంటే దాదాపు 12, 1024 అంటే 23, 2048 అంటే 46. డ్రైవర్, యూఎస్‌బీ కలిపితే అసలు ఆలస్యం ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. 512తో మొదలుపెట్టండి. గంటసేపు పాటలు మారుస్తూ, ఎఫెక్ట్స్ వేస్తూ నడిపినా చిటపట లేకపోతే 256కి దించండి. స్క్రాచ్ చేసేవాళ్లు 128 దాకా వెళ్తారు. బరాత్‌లో, సంగీత్‌లో పాట వెనక పాట కలిపేవాళ్లకి 256 చాలు. ఇంకా కిందికి వెళ్తే వచ్చేది లాభం కాదు, టెన్షన్.

512 దగ్గరే చిటపటలాడితే బఫర్ పెంచడం మందు కాదు. ల్యాప్‌టాప్‌లో ఇంకేదో ప్రాసెసర్‌ను ఆపేస్తోంది. లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పది నిమిషాలు నడిపితే ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో సహా చూపిస్తుంది. చాలాసార్లు అది వైఫై డ్రైవరే. ఫంక్షన్‌లో వైఫై, బ్లూటూత్ రెండూ ఆపేయండి. చార్జర్ పెట్టి ఉంచండి, పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (పవర్ ఆదా కోసం విండోస్ యూఎస్‌బీని నిద్రపుచ్చే సెట్టింగ్) తీసేయండి. చిటపట పోయాక బఫర్ దించుకోవచ్చు.

హెడ్‌ఫోన్‌లో బాగుంది, బాక్సుల్లో లేట్

బ్లూటూత్ స్పీకర్ అయితే ఇక్కడే ఆగండి. మామూలు బ్లూటూత్‌లో 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం సహజం. దానికి ఏ సెట్టింగూ లేదు, వైరు పెట్టుకోవడమే. రెకార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్‌లో పీసీ మాస్టర్ అవుట్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్ నుంచి బ్లూటూత్ స్పీకర్‌కి మాస్టర్ పంపుతూ, కంట్రోలర్ హెడ్‌ఫోన్‌లో రాబోయే పాట వింటూ బీట్ కలపాలని చూసేవాళ్లున్నారు. ఆ రెండూ ఎప్పటికీ కలవవు.

"వైరే పెట్టాను అన్నా, అయినా లేటే" అంటే పార్టీ స్పీకర్లు రెండు ఉన్నాయా అని అడుగుతాను. ఉంటే సాధారణంగా ఒకదానికి ఆక్స్ కేబుల్ పెట్టి, రెండోదాన్ని దాంతో వైర్‌లెస్‌గా జత చేసి ఉంటారు. రెండూ ఒకేసారి మోగాలి కాబట్టి మొదటిది కూడా రెండోదాని కోసం ఆగుతుంది. చేతికి కనిపించేది వైరే కానీ లోపల నడుస్తున్నది బ్లూటూత్ ఆలస్యమే. జత తీసేసి, రెండిటికీ విడివిడిగా కేబుల్ ఇవ్వండి. టీవీలు, సౌండ్‌బార్లు అయితే వైరు పెట్టినా లోపల ప్రాసెసింగ్ కోసం కొంత సమయం తీసుకుంటాయి. గేమ్ మోడ్ లాంటిది ఉంటే పెట్టి చూడండి, తగ్గకపోతే డీజేకి వాటిని వాడకండి.

దూరాన్నీ లెక్కలోకి తీసుకోండి. గాలిలో సౌండ్ మీటరు నడవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. మెయిన్ బాక్సులు మీకు 20 మీటర్ల అవతల ఉంటే 60 మిల్లీసెకన్లు అక్కడే పోయాయి. అది ఏ పరికరం తప్పూ కాదు. మీ పక్కన ఒక మానిటర్ బాక్స్ పెట్టించుకోండి.

అసలు దొంగ: సౌండ్ సిస్టమ్‌లో ఎవరో పెట్టిన డిలే

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. హెడ్‌ఫోన్ బాగుంటుంది, కేబుళ్లన్నీ వైర్లే, బాక్సులు కూడా దగ్గరే. అయినా లేట్. ఇంట్లో ఇదే ల్యాప్‌టాప్, ఇదే కంట్రోలర్ చక్కగా పనిచేశాయని డీజే మొత్తుకుంటాడు. నిజమే చెబుతున్నాడు.

విజయవాడ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో సంగీత్. స్టేజీకి రెండువైపులా ఎల్‌ఈడీ వాల్స్, జిమ్మీజిబ్ కెమెరా, లైవ్ మిక్సింగ్, అంతా భారీగానే ఉంది. డీజే కుర్రాడు ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ మీద రీస్టార్ట్ చేస్తున్నాడు. నేను చూసింది యాంకర్‌ని. మైక్‌లో మాట్లాడుతూ మధ్యమధ్యలో తడబడుతోంది, మాట సాగదీస్తోంది. తన గొంతు తనకే ఆలస్యంగా వినబడితే ఎవరికైనా అలాగే అవుతుంది. ఆ మైక్ ల్యాప్‌టాప్‌కి వెళ్లడం లేదు, నేరుగా సౌండ్ మిక్సర్‌కి వెళ్తోంది. మైక్ తీసుకుని మెష్ మీద గోరుతో తట్టాను. వేలు తగిలాక ఒక క్షణానికి బాక్సుల్లో టక్‌మంది. ల్యాప్‌టాప్‌కి క్లీన్ చిట్ వచ్చేసినట్టే.

సౌండ్ ఆపరేటర్ డిజిటల్ మిక్సర్‌లో డీజే ఛానల్ తెరిచాడు, మాస్టర్ తెరిచాడు, ఏమీ లేదు. అవుట్‌పుట్ రూటింగ్ పేజీకి వెళ్లమన్నాను. ఎడమ, కుడి రెండిటికీ పక్కన 120 మిల్లీసెకన్లు. ఎల్‌ఈడీలో పెదవులు మాటకన్నా వెనకపడుతున్నాయని వీడియో వాళ్లు గోల పెడితే, మధ్యాహ్నం టెస్టింగ్‌లో అతనే పెట్టి మరిచిపోయాడు. కెమెరా నుంచి వీడియో మిక్సర్, అక్కడి నుంచి ఎల్‌ఈడీ ప్రాసెసర్ దాటేసరికి బొమ్మ రెండు మూడు ఫ్రేములు వెనకపడుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు, మూడు ఫ్రేములకు 120. అతని లెక్క తప్పు కాదు, పెట్టిన చోటు తప్పు.

ఎందుకంటే డాన్స్ చేసేవాళ్లు బాక్సుల్లో వినిపించే పాటకే అడుగులేస్తారు. పాటను 120 మిల్లీసెకన్లు వెనక్కి నెడితే అడుగులూ అంతే వెనక్కి వెళ్తాయి, ఎల్‌ఈడీలో బొమ్మ వాటికన్నా మళ్లీ వెనకే ఉంటుంది. అంటే పాటకి డిలే పెట్టి సాధించేదేమీ లేదు. ఉపయోగమంటూ ఉంటే మైక్‌కే. కాబట్టి అవుట్‌పుట్ మీద డిలే తీసేయించండి. తప్పదంటే మైక్ ఛానల్‌కి, అదీ యాంకర్ భరించగలిగినంత పెట్టించండి. డీజే ఛానల్‌కి వద్దు.

ఇదే జబ్బు ఇంకో రూపంలోనూ వస్తుంది. పొడుగాటి హాళ్లలో, మైదానాల్లో వెనక వరసలకి వేరే బాక్సులు పెట్టి, ముందు నుంచి వచ్చే సౌండ్‌తో కలవడానికి వాటికి డిలే ఇస్తారు. 30 మీటర్ల దూరానికి దాదాపు 87 మిల్లీసెకన్లు. స్పీకర్ ప్రాసెసర్‌లో (మిక్సర్‌కీ బాక్సులకీ మధ్య ఉండే పరికరం) ఆ ప్రీసెట్ అలాగే ఉండిపోతుంది. మరుసటి ఫంక్షన్ చిన్న హాల్లో. హడావిడిలో ముందు బాక్సుల కేబుల్‌ను వెనక బాక్సుల అవుట్‌పుట్‌లో గుచ్చుతారు, లేదా పాత ప్రీసెట్‌తోనే ఆన్ చేస్తారు. కొన్ని ప్రాసెసర్లు డిలేను మీటర్లలోనో అడుగుల్లోనో చూపిస్తాయి. స్క్రీన్ మీద 30 అని కనబడితే అదేదో లెవెల్ అనుకుని దాటేస్తారు. వెతకాల్సిన చోట్లు వరసగా ఇవి: మిక్సర్‌లో మీ ఛానల్, మాస్టర్ బస్ (అన్ని ఛానళ్లూ కలిసే చోటు), అవుట్‌పుట్ పేజీ, ఆ తర్వాత ప్రాసెసర్, చివరికి యాక్టివ్ బాక్సులైతే (లోపలే యాంప్లిఫయర్ ఉన్నవి) వాటి వెనక మెనూ. అన్ని చోట్లా చూడండి, ఒకేసారి రెండు చోట్ల కూడా ఉండొచ్చు.

ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడు "మీ సిస్టమ్‌లో తేడా ఉంది" అని మొదలుపెడితే పని జరగదు. "అన్నా, మైక్ ఒకసారి తడతాను, నువ్వూ విను" అనండి. వినగానే అతనే మెనూలు తెరుస్తాడు.

ఆపరేటర్ ఒప్పుకోకపోతే, లేదా షో మొదలైపోతే, మెయిన్ బాక్సులను విని బీట్ కలపడం ఆపేయండి. మాస్టర్ క్యూ ఆన్ చేసి, హెడ్‌ఫోన్ మిక్స్ నాబ్‌ను మధ్యలో పెట్టి, నడుస్తున్న పాట, రాబోయే పాట రెండూ హెడ్‌ఫోన్‌లోనే వినండి. కంట్రోలర్‌కి బూత్ అవుట్ (డీజే తను వినడానికి ఉండే అవుట్‌పుట్) ఉంటే దానికి నేరుగా ఒక చిన్న బాక్స్ పెట్టుకోండి. డీడీజే-400, ఎఫ్ఎల్ఎక్స్4 లాంటి చిన్న కంట్రోలర్లకి బూత్ అవుట్ ఉండదు. వాటికి మాస్టర్ అవుట్‌ను ఒక చిన్న అనలాగ్ మిక్సర్‌లోకి తెచ్చి, అక్కడి నుంచి ఒక దారి సౌండ్ వాళ్లకీ, ఇంకోటి మీ బాక్స్‌కీ ఇవ్వండి.

అరుదైనవి

శాంపిల్ రేటు తేడా వల్ల చిటపటలు వస్తాయి కానీ ఇంత లేట్ రాదు. కీ లాక్ (వేగం మార్చినా శ్రుతి మారకుండా ఉంచేది) వల్ల వచ్చే ఆలస్యం సాధారణంగా మీ వేలికి తెలిసేంత ఉండదు. యూఎస్‌బీ హబ్ మీద అనుమానం ఉంటే తీసేసి నేరుగా గుచ్చండి, ఆలోచించడానికేమీ లేదు. ల్యాప్‌టాప్ జాక్ నుంచే బాక్సులకి ఇచ్చేవాళ్లు విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపండి, చాలు. లైవ్ స్ట్రీమ్‌లో లేట్ అంటే అది ఇంటర్నెట్ సంగతి, మీ కంట్రోలర్‌ది కాదు.

లేట్ నిజమా, భ్రమా అని తేల్చుకోవాలంటే ఫోన్‌ను ప్యాడ్‌కి దగ్గరగా, బాక్స్‌కి ఒక మీటరు దూరంలో పెట్టి రికార్డింగ్ ఆన్ చేయండి. ప్యాడ్‌ను గట్టిగా కొట్టండి. ఆ రికార్డింగ్‌ను ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో తెరిస్తే వేలి టక్ ఒక చోట, కిక్ ఇంకో చోట కనిపిస్తాయి. మధ్య దూరంలోంచి గాలికి 3 మిల్లీసెకన్లు తీసేయండి. 20 లోపు వస్తే మీ సెటప్ బాగుంది. 100 దాటితే బఫర్ వైపు చూడకుండా పైన చెప్పిన మైక్ పరీక్ష చేయండి.