క్లచ్ పెడల్ లేని లారీకి అలవాటు పడడం ఎలా?

లారీల్లో మనం ‘ఆటోమేటిక్’ అనేది చాలావరకు ఏఎంటీనే (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్). మాన్యువల్ బండిలో ఉండే గేర్లు, క్లచ్ ప్లేటే ఇందులోనూ ఉంటాయి. క్లచ్ తొక్కి గేరు మార్చే పని మాత్రం కంప్యూటర్ చేయిస్తుంది. అంటే పెడల్ లేకపోయినా క్లచ్ కాలుతుంది.

బండి తీసే ముందు హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేయండి. ట్యాంకులో గాలి ప్రెషర్ తక్కువుందని మోగే లో ఎయిర్ బజర్ ఆగేదాకా ఆగండి. చాలా బండ్లలో గేరు మార్చేది ఆ గాలే, ప్రెషర్ చాలకపోతే గేరు పడదు. తర్వాత కుడికాలు బ్రేకు మీద పెట్టి డి (డ్రైవ్) వేయండి. డిస్‌ప్లేలో గేరు నంబరు కనిపించాక హ్యాండ్ బ్రేక్ తీయండి.

ఎడమకాలిని నేలమీదే ఉంచండి. మాన్యువల్ అలవాటులో అది క్లచ్ కోసం వెతుక్కుంటూ పోయి బ్రేకు తొక్కేస్తుంది, వెనకున్న బండి వచ్చి గుద్దుతుంది. ముందు ఖాళీ యార్డులో నాలుగు రౌండ్లు తిప్పి చూసుకోవడం మంచిది. గేరు పెరగాలంటే యాక్సిలరేటర్ కాస్త వదలండి. పూర్తిగా తొక్కి ఉంచితే బండికి పవర్ కావాలని అనుకుని అదే గేరులో అరుస్తుంది.

బెంగళూరులో కేఆర్ పురం, హెబ్బాళ లాంటి చోట్ల జామ్‌లో అడుగడుగుకీ కదలకండి. ముందు ఒక లారీ పట్టేంత ఖాళీ వచ్చాక కదిలి, మళ్లీ ఆగండి. పాకుతున్నంతసేపూ క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం ఇంకా చెడ్డది. మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ ఎంత నష్టమో ఇదీ అంతే, కాకపోతే ఇక్కడ కాలికి తెలియదు. అక్కడ బ్రేకు మీద ఆపండి, ఎక్కువసేపైతే న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్. క్లచ్ వేడి హెచ్చరిక వస్తే పక్కకు తీసి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా చల్లారనివ్వండి.

ఘాట్‌లో మాత్రం డి ని నమ్ముకోకండి. బెంగళూరు నుంచి చిత్తూరు వెళ్తూ పలమనేరు దాటాక మొగిలి ఘాట్ వస్తుంది. లోడుతో దిగేటప్పుడు దిగుడు మొదలవక ముందే వేగం తగ్గించి, మాన్యువల్ మోడ్‌లోకి మార్చి, అదే ఎత్తును ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరుకో, ఇంకొకటి కిందకో రండి. ఇంజిన్ పొగదారిని అడ్డుకుని బండి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ వేయండి. అది ఆర్పీఎం ఎక్కువున్నప్పుడే గట్టిగా పట్టుకుంటుంది, పై గేరులో ఉంటే నామమాత్రమే. వేగం పెరిగాక గేరు తగ్గించబోతే ఇంజిన్ దెబ్బతింటుందని ఏఎంటీ ఒప్పుకోదు. మాన్యువల్ బండిలోనైతే గేరు పడక న్యూట్రల్‌లో చిక్కుకుంటారు. ఇక మిగిలేది ఫుట్ బ్రేకు ఒక్కటే, బ్రేకు డ్రమ్ములు కాలితే అదీ పట్టదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటుంటే ఏ గేర్‌బాక్సూ కాపాడలేదు.

ఏది కొనాలి? నగరం చుట్టూ నెలమంగల–హోస్కోటే లోడ్లకు ఏఎంటీ, మోకాలికి హాయి. బురదలో దిగబడే క్వారీ పనికి, బండి కంప్యూటర్‌లో లోపం చూసే స్కానర్ దొరకని ఊళ్లకు మాన్యువల్ మేలు, ఏ మెకానిక్కైనా చేయి పెడతాడు.

ఏఎంటీని తోసి స్టార్ట్ చేయడం కుదరదు, బ్యాటరీలు బాగుండాలి. ఆగిపోయిన బండిని లాక్కెళ్లాల్సి వస్తే ముందు గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పండి. లేకపోతే ఇంజిన్ ఆగి ఉండగా చక్రాలు గేర్‌బాక్సును తిప్పుతాయి, ఆయిల్ అందక బేరింగులు పట్టేస్తాయి. ఈ ఒక్క జాగ్రత్త మాన్యువల్ బండికీ వర్తిస్తుంది.