పాత కమాండ్ తీసేశాక ఏదో ఆగిపోయిందా? ఇక్కడ వెతకండి

ఐఎఫ్‌కాన్ఫిగ్ కొడితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటోంది

ఐఎఫ్‌కాన్ఫిగ్ అంటే నెట్‌వర్క్ కార్డు వివరాలు, దాని ఐపీ అడ్రెస్ చూపే పాత కమాండ్. అది కనిపించకపోతే వెంటనే ఇన్‌స్టాల్ చేయకండి. అసలు పోయిందో లేదో ముందు తేల్చుకోండి. డెబియన్ అనే లినక్స్‌లో ఈ కమాండ్ ఎస్‌బిన్ ఫోల్డర్‌లో ఉంటుంది, మామూలు యూజర్ పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఆ ఫోల్డర్ ఉండదు. డెబియన్ 10 నుంచి ఇంకో చిక్కు వచ్చింది. ఉత్త ఎస్‌యూ (యూజర్ మార్చే కమాండ్) కొట్టి రూట్ యూజర్, అంటే అడ్మిన్, అయితే మామూలు యూజర్ పాత్ జాబితానే వెంట వస్తుంది. ఎస్‌యూ పక్కన ఖాళీ వదిలి ఒక హైఫన్ పెడితేనే రూట్ యూజర్ పాత్ వస్తుంది. అలా లాగిన్ అయి మళ్లీ కొట్టండి. పనిచేస్తే సమస్య అక్కడితో తీరిపోయింది.

అప్పటికీ రాకపోతే నిజంగానే లేదు. ఐఎఫ్‌కాన్ఫిగ్, నెట్‌స్టాట్ (కనెక్షన్లు చూపేది), రూట్ (డేటా వెళ్లే దారులు చూపేది, రూట్ యూజర్ కాదు), ఆర్ప్ (పక్క మెషీన్ల హార్డ్‌వేర్ అడ్రెస్‌లు చూపేది) అన్నీ నెట్-టూల్స్ ప్యాకేజీలోవి. 2017లో డెబియన్ 9 వచ్చినప్పటి నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్‌లో అది తనంతట తాను రాదు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 మినిమల్ ఇన్‌స్టాల్‌లో 2014లోనే ఆగింది. ఇవాళ్టి పని ఆగకూడదంటే ప్యాకేజీ వేసుకోండి, తప్పేమీ లేదు. చేతికి మాత్రం కొత్తవి అలవాటు చేయండి: ఐఎఫ్‌కాన్ఫిగ్ బదులు ‘ఐపీ ఎ’, రూట్ బదులు ‘ఐపీ ఆర్’, ఆర్ప్ బదులు ‘ఐపీ ఎన్’, నెట్‌స్టాట్ బదులు ‘ఎస్ఎస్’.

పాతదైనా పనిచేస్తోంది కదా, ఎందుకు తీసేశారని చాలామంది అడుగుతారు. పాతదైనందుకు తీసేయలేదు. ఐఎఫ్‌కాన్ఫిగ్ 1983 నాటి బీఎస్‌డీ 4.2 అనే యూనిక్స్‌లో పుట్టింది. దాని వారసుడైన ఫ్రీబీఎస్‌డీలో ఈనాటికీ అదే అసలు పనిముట్టు, కెర్నల్‌తో (సిస్టమ్ లోపలి ప్రధాన భాగంతో) పాటు దాన్నీ మారుస్తూ వస్తున్నారు. లినక్స్‌లో కెర్నల్ నెట్‌లింక్ (కెర్నల్‌తో కమాండ్లు మాట్లాడే కొత్త పద్ధతి) వైపు సాగిపోయింది, నెట్-టూల్స్ వెనకే ఉండిపోయింది. ఒకే కార్డుకి ‘ఐపీ అడ్రెస్ యాడ్’తో, లేబుల్ (వేరే పేరు) పెట్టకుండా, రెండో ఐపీ ఇచ్చి చూడండి. ‘ఐపీ ఎ’లో రెండూ కనిపిస్తాయి, ఐఎఫ్‌కాన్ఫిగ్‌లో ఒక్కటే. ఐపీ కాన్‌ఫ్లిక్ట్ (రెండు మెషీన్లకి ఒకే ఐపీ) కోసం వెతికేవాడికి సగం నిజం చెప్పే పనిముట్టు ఇస్తే రాత్రంతా తిప్పుతుంది. నా దృష్టిలో దీన్ని డిఫాల్ట్ నుంచి తీసేయడం సరైన పనే.

ఎర్రర్ ఏమీ లేదు, కానీ ఫలితం ఖాళీ

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. నేను చూసుకునే మూడు సర్వర్ల బ్యాకప్ స్క్రిప్టు ఐఎఫ్‌కాన్ఫిగ్ నుంచి ఐపీ తీసి, దాన్ని ఫోల్డర్ పేరులో కలిపేది. నేను మూడింటిలోనూ నెట్-టూల్స్ తీసేశాను. ఆ రాత్రి నుంచి మూడూ ‘బ్యాకప్-’ అనే ఒకే ఫోల్డర్‌లోకి రాయడం మొదలుపెట్టాయి. హైఫన్ తర్వాత ఉండాల్సిన ఐపీ లేదు. ఒకదాని ఫైళ్ల మీద ఇంకొకటి రాసుకుంటూ పోయాయి. స్క్రిప్టు మాత్రం రోజూ ‘సక్సెస్’ అనే పంపింది. ఒక ఫైలు రీస్టోర్ చేయాల్సి వచ్చి తెరిచి చూస్తే వేరే సర్వర్ డేటా కనిపించింది. పదకొండు రోజుల బ్యాకప్ నమ్మకానికి పనికిరాకుండా పోయింది.

ఎందుకంటే పైపులో (ఒక కమాండ్ ఫలితాన్ని తర్వాతి కమాండ్‌కి అందించే వరుసలో) చివరి కమాండ్ ఏం చెబితే షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) దాన్నే వింటుంది. పైపు మొదట్లో ఐఎఫ్‌కాన్ఫిగ్ లేకపోయినా చివరి ‘కట్’ (ముక్క కోసి ఇచ్చే కమాండ్) హాయిగా సున్నా, అంటే ‘అంతా బాగుంది’ అని, ఇస్తుంది. కమాండ్ ఉన్నా ఇదే జరగొచ్చు: నెట్-టూల్స్ పాత వెర్షన్‌లో ‘ఐనెట్ అడ్ర్’ అని కోలన్‌తో వచ్చేది, కొత్త వెర్షన్‌లో ఉత్త ‘ఐనెట్’ అని వస్తుంది. పాత మాట కోసం గ్రెప్ (టెక్స్ట్‌లో మాట వెతికే కమాండ్) చేసే స్క్రిప్టుకి ఏమీ దొరకదు.

బాష్ స్క్రిప్టు మొదటి వరుసల్లో ‘సెట్ హైఫన్ ఇ’, ‘సెట్ హైఫన్ ఓ పైప్‌ఫెయిల్’ రెండూ పెట్టండి, పైపు మధ్యలో కమాండ్ ఫెయిలైనా స్క్రిప్టు ఆగుతుంది. వేరియబుల్ ఖాళీగా ఉంటే అక్కడికక్కడే ఆగిపోయేలా చూడండి. అవుట్‌పుట్‌ని అక్షరాలు కోసి తీసుకోవద్దు, ఐపీ కమాండ్‌కి ‘హైఫన్ జె’ ఇస్తే జేసన్‌లోనే (ప్రోగ్రాములు సులువుగా చదివే రూపంలో) ఇస్తుంది. ఫోల్డర్ పేరుకైతే ఐపీ అక్కర్లేదు, హోస్ట్‌నేమ్ (మెషీన్ పేరు) చాలు. నేను అలాగే మార్చాను.

లాగ్‌లో కొత్తగా ‘ఆబ్సొలిసెంట్’ అనే వరుసలు

‘ఆబ్సొలిసెంట్’ అంటే వాడుకలోంచి పోతున్నది అని. ఇది గ్రెప్ పాత రూపాలైన ఈగ్రెప్, ఎఫ్‌గ్రెప్ పని. 2022లో వచ్చిన గ్నూ గ్రెప్ 3.8 నుంచి ఇవి నడిచిన ప్రతిసారీ హెచ్చరిక రాస్తాయి. అది మామూలు ఫలితం దారిలో కాక ఎర్రర్ దారిలో వెళ్తుంది కాబట్టి, రెండు దారులూ కలిపి చదివే స్క్రిప్టుల్లో ఆ వరుస డేటాలో కలిసిపోతుంది. ‘గ్రెప్ హైఫన్ పెద్ద ఇ’, ‘గ్రెప్ హైఫన్ పెద్ద ఎఫ్’ అని మార్చేస్తే పోతుంది. అయితే ఈ మార్పు నాకు నచ్చలేదు. ఈగ్రెప్ అనేది గ్రెప్‌నే పిలిచే చిన్న షెల్ స్క్రిప్టు. ఉంచితే ఎవరికీ నష్టం లేదు, కదిలిస్తే మాత్రం ఎన్నో ఏళ్ల స్క్రిప్టులన్నీ తిరగరాయాలి.

విండోస్‌లో డబ్ల్యూఎంఐసీ లేదంటోంది

డబ్ల్యూఎంఐసీ అంటే మెషీన్ వివరాలు అడిగే కమాండ్. విండోస్ 11 24హెచ్2 నుంచి అది డిఫాల్ట్‌గా ఉండదు. ఆప్షనల్ ఫీచర్స్‌లో కలుపుకోవచ్చు గానీ, ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్ల లాంటి పనికి పవర్‌షెల్‌లో గెట్-సిమ్‌ఇన్‌స్టాన్స్ వాడండి. ఆ వివరాలు ఇచ్చే లోపలి డబ్ల్యూఎంఐ అలాగే ఉంది, పోయింది పైన ఉన్న కమాండ్ మాత్రమే.

టెల్‌నెట్ లేదు, పోర్ట్ ఎలా చూడాలి?

టెల్‌నెట్ వేరే మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పాత పనిముట్టు, పోర్ట్ (ఒక సర్వీసు వినే నంబర్) చూడడానికీ వాడతారు. మ్యాక్‌ఓఎస్‌లో 2017లో హై సియెరాతో టెల్‌నెట్, ఎఫ్‌టీపీ రెండూ పోయాయి. పోర్ట్ తెరిచి ఉందో లేదో చూడడానికి ‘ఎన్‌సీ హైఫన్ వీజెడ్’ ఉంది. సర్వర్‌లో టెల్‌నెట్ డీమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్), దూరం నుంచి లాగిన్ అయ్యే పాత ఆర్‌లాగిన్, ఆర్ఎస్‌హెచ్ ఇంకా నడుస్తుంటే మొహమాటం లేకుండా తీసేయండి. పాస్‌వర్డ్ గానీ, టైప్ చేసే ప్రతి అక్షరం గానీ వైరు మీద విప్పి పరిచినట్టే వెళ్తుంది. ఫ్రీబీఎస్‌డీ కూడా 2018లో 12.0తో ఆర్‌లాగిన్, ఆర్ఎస్‌హెచ్ లాంటి ఆర్‌ కమాండ్లని వదిలేసింది.

తీసేసే ముందు

ముందుగా ఆప్ట్ రిమూవ్‌కి (డెబియన్‌లో ప్యాకేజీ తీసేసే కమాండ్) ‘హైఫన్ ఎస్’ ఇచ్చి, నిజంగా తీయకుండానే, దానితో పాటు ఇంకేం పోతాయో చూడండి. ఈటీసీ (సెట్టింగులు), క్రాన్ (టైముకి నడిచే పనులు), యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్లలో ఆ పేరు గ్రెప్ చేయండి. ఇంతవరకూ చాలామంది చేస్తారు. నేనూ చేశాను, ఆ బ్యాకప్ స్క్రిప్టు ఎవరో ఒకరి హోమ్ ఫోల్డర్‌లో ఉండడంతో దొరకలేదు.

అందుకే ఇప్పుడు ఆడిట్‌డీతో (సిస్టమ్‌లో ఏం నడిచిందో రాసుకునే ప్రోగ్రామ్‌తో) ఆ కమాండ్ ఫైలు మీద కావలి పెడుతున్నాను: ఎవరు నడిపినా యూజర్, పేరెంట్ ప్రాసెస్ నంబర్‌తో సహా రాసుకుంటుంది. రీబూట్ తర్వాత కూడా ఉండాలంటే రూల్‌ని రూల్స్ ఫోల్డర్‌లో రాయాలి. నెల రోజులు చాలనుకోవద్దు. లెక్కల విభాగం సర్వర్ అయితే మార్చి 31 రాత్రి ఏడాదికి ఒక్కసారి నడిచే స్క్రిప్టు ఉంటుంది, ఆ కావలి ఏప్రిల్ మొదటి వారం దాకా ఉండాలి.